కాళ్ళ మీదే వాలే మార్జాలం: గుట్టు వెన్నెముకలో

సాలువా (ఖరగ్‌పూర్): రైల్వే కొలువుల కోసం తరలివచ్చి తెలుగువారు స్థిరపడిన ఈ ప్రాంతం మొదలు శ్రీకాకుళం వరకు, తెలుగు పలికే చోటనల్లా తలకిందులుగా దొర్లే విన్యాసానికి పిల్లిమొగ్గ అనే పేరు. అయితే ఎత్తు నుంచి జారిన పిల్లి వేసేది పిల్లిమొగ్గ కానే కాదు. అది దొర్లదు, నడుము వద్ద మెలి తిరుగుతుంది.

ఈ మెలిక శాస్త్రజ్ఞులను చాలాకాలం తికమక పెట్టింది. ఆధారమేదీ లేకుండా గాలిలో ఉన్న వస్తువు తనంతట తాను తిరగజాలదని, పిల్లి తనను పట్టుకున్న చేతిని తన్ని ఆ ఊపుతో తిరుగుతోందని పలువురు భావించారు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1894లో పిల్లి పడుతుండగా వరుస ఛాయాచిత్రాలు తీసి పారిస్ శాస్త్ర అకాడమీ ముందుంచారు. పడే క్షణాన పిల్లి శరీరంలో ఎలాంటి తిరుగుడూ లేదని వాటిలో స్పష్టమైంది.

1969లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కేన్, షెర్‌లు దీనికి గణిత వివరణ ఇచ్చారు. పిల్లి శరీరం రెండు భాగాలుగా పనిచేస్తుంది. ముందుకాళ్ళు ముడిచి, వెనుకకాళ్ళు చాచినప్పుడు ముందు భాగం చాలా దూరం తిరుగుతుంది. వెనుక భాగం ఎదురు దిశలో కొద్దిగానే కదులుతుంది. ఆ వెంటనే కాళ్ళ అమరిక మారి వెనుక భాగం తిరుగుతుంది. ఈ రెండు కదలికలూ ఒకదానినొకటి రద్దు చేసుకోవడం వల్ల మొత్తం కోణీయ ద్రవ్యవేగం సున్నాగానే ఉంటుంది. భౌతికశాస్త్ర నియమానికి భంగం లేదు, పిల్లి మాత్రం తిరిగిపోయింది! ఏది పైనో ఏది కిందో దానికి తెలిపేది లోపలి చెవి. కూనలకు ఈ విద్య మూడు, నాలుగు వారాల వయసులో మొదలై ఏడో వారానికల్లా పట్టుబడుతుంది.

కాళ్ళపై వాలినంత మాత్రాన పిల్లికి దెబ్బ తగలదనుకోవడం పొరపాటు. న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాల నుంచి పడి చికిత్సకు వచ్చిన 132 పిల్లులపై జరిపిన అధ్యయనం 1987లో వెలువడింది. చికిత్స పొందిన వాటిలో 90 శాతం బ్రతికాయన్న వార్తకే ప్రచారం లభించింది. పరీక్షించిన వాటిలో 90 శాతానికి ఛాతీ భాగంలో ఏదో ఒక గాయం ఉన్నదన్న సంగతి మరుగున పడింది. ఏడో అంతస్తు దాటాక ఎముకలు విరగడం తగ్గినట్లు కూడా అందులో వెల్లడైంది. గరిష్ఠ వేగం చేరాక పిల్లి కండరాలు సడలించి, కాళ్ళు బారచాస్తుందని అధ్యయనకర్తల ఊహ. అక్కడికక్కడే చనిపోయిన పిల్లులను ఆసుపత్రికి ఎవరూ తీసుకురారు కనుక ఈ లెక్కను యథాతథంగా నమ్మలేమని విమర్శకులు ఎత్తిచూపారు. ఆ అభ్యంతరం సబబైనదే.

మరీ తక్కువ ఎత్తు నుంచి పడినా ప్రమాదమే. తిరగడానికి తగిన వ్యవధి చిక్కదు. అందుకే మేడలపై పిల్లులను పెంచేవారు కిటికీలకు, బాల్కనీలకు జాలీ బిగించుకోవాలని పశువైద్యులు సూచిస్తున్నారు.