చిన్ననాటి పుస్తకము – రెండవ పఠనము

చదివిన గ్రంథమును మరల చదువుట మనకు క్రొత్త గాదు. రామాయణమును ఒక్కసారి చదివి అటకమీద పెట్టినవారు అరుదు. పారాయణ మనునదియే పునఃపఠనము. కాని బాలురకని పేరుపడిన పుస్తకముల విషయమున మనము వేరొక నియమము పెట్టుకొంటిమి. చొక్కా పొట్టియైనట్లు అవియు పొట్టియైనవని తలచి, తమ్ములకో చెల్లెండ్రకో ఇచ్చివేయుదుము. ఏబదియేండ్లు పైబడిన పిమ్మట వానిని తిరిగి విప్పినవారికి తోచునది వేరు. నాడు మన చూపు అందినంత మేరకే వానిని చదివితిమి. మిగిలిన భాగము మనకొరకు అట్లే వేచియున్నది.

చిన్నయసూరి నీతిచంద్రికను తీసికొందము. 1853లో వెలువడిన యీ గ్రంథము తరతరముల తెలుగు విద్యార్థులకు వచనమనగా ఎట్టిదో చూపినది. మిత్రలాభమున పావురములు వలలో చిక్కుట, వలతో కూడ ఎగిరిపోవుట, హిరణ్యకుడను ఎలుక త్రాళ్ళు కొరుకుట, బాలునికి కావలసినదంతయు ఇందు కలదు. అతని కన్ను ఎలుక పండ్లమీద నుండును. త్రాళ్ళు తెగునా, తెగవా అనునదే అతని ఆరాటము.

పెద్దవాని కన్ను కపోతరాజైన చిత్రగ్రీవునిమీద నిలుచును. మనుష్యసంచారము లేని అడవిలో నూకలు ఎక్కడివని ముందే హెచ్చరించినవాడు అతడు. తనవారు వినక దిగిరి. వారితో తానును చిక్కెను. దిగుదమని ప్రోత్సహించిన పావురమును తక్కినవి నిందింపబోగా, ఆపదవేళ నిందకు సమయము గాదని వారించెను. హిరణ్యకుడు ముందుగా స్నేహితుని బంధమే త్రెంపబూనగా, మొదట తన పరివారమును విడిపింపుమని కోరెను. ఇంటికి పెద్దయై, లేదా తరగతికి గురువై, “నేను ముందే చెప్పలేదా?” అను మాటను నాలుకచివర ఆపుకొనవలసివచ్చినవారికి ఆ పావురపు గొప్పతనము తెలియును. పదియేండ్ల బాలునికి అది తెలియకపోవుట లోపము గాదు.

మిత్రభేదమును చూడుడు. పిల్లవానికి అది సింహము ఎద్దును చంపిన కథ. కాలు విరిగిన సంజీవకుని దాని యజమానుడైన వర్తకుడు అడవిలో విడిచి తన దారిని పోయిన సంగతి కథారంభముననే వచ్చిపోవును. బాలుడు దానిని సులువుగా దాటును. శక్తి ఉడిగిన పనివానిని లోకము ఎంత త్వరగా మరచునో చూచిన పాఠకుడు అక్కడనే ఆగిపోవును. పింగళకుడను సింహమునకు సంజీవకుని చేరువ చేసినవాడును, పిదప వారిని విడదీసినవాడును దమనకుడే. అతడు ఇరువురికిని వేర్వేరుగా భయము పుట్టించెను. ఆ మిత్రులు ఎదురెదురుగా కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుకొనియుండిన కథ అంతటితో ఆగెడిది. చిన్ననాడు దమనకుని తెలివికి విస్తుపోయితిమి. నేడు అడుగబడని ఆ ప్రశ్నకై విచారింతుము.

నవ్వించు పుస్తకములును ఇట్టివే. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగము 1924లో వచ్చినది. మొగలితుర్రు కుఱ్ఱవాడు ఇంటిలో చెప్పకుండ సీమకు బయలుదేరి, మద్రాసులో ఆడవారి టోపీ కొని పెట్టుకొన్న ఘట్టమునకు నవ్వని విద్యార్థి యుండడు. తండ్రియైన తరువాత చదివినవాడు నవ్వుచునే, కొడుకు కనబడని ఆ దినమున ఆ యింటివారు ఎట్లుండిరో యని తలచును. టోపీల భేదము తెలియకపోవుట అజ్ఞానమని నిర్ణయించినవా రెవరు అను సందేహమును అప్పుడే కలుగును. మరొక విశేషము: కథ చెప్పువాడు పార్వతీశమే. తన పడుచుదనమును తానే దూరమునుండి చూచి నవ్వుచున్నాడు. మనము రెండవ పఠనమున చేయు పనిని అతడు మొదటనే చేసియున్నాడు.

1956-57 సంవత్సరములలో ఆంధ్ర వారపత్రికలో వెలువడిన ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగు ఉపాధ్యాయులకు వేరొక పరీక్ష. చిన్ననాడు బుడుగు మన పక్షమువాడు. బెత్తము చేతికి వచ్చిన తరువాత చూతుము గదా, అతడు వేళాకోళము చేయు ప్రైవేటు మాస్టార్ల వరుసలో మనమును నిలుచుండి యుందుము!

అన్ని పుస్తకములును ఈ పరీక్షకు నిలువవు. పాత కథలలో పెక్కింట స్త్రీలు చపలచిత్తలని, కొన్ని కులములవారు హీనులని నిస్సంకోచముగా చెప్పిన పట్టులు కలవు. నాడు అవి మన చెవికి తగులలేదు. నేడు తగులుట మంచిదే. అట్టి పుస్తకమును దాచవలసిన పనిలేదు. ఆ పట్టువద్ద ఆగి, ఇది తగదని పిల్లలతో చెప్పగల పెద్ద ఒకడు ప్రక్కన నుండవలయును.

ఇక్కడనే ఉపాధ్యాయునికి ఒక చిక్కు కలదు. జ్ఞాపకమునుబట్టి పాఠము చెప్పువాడు “ఈ కథవలన తెలియు నీతి యేమి?” అని అడిగి, ఒక్క వాక్యము వ్రాయించి ముగించును. మరల చదివి వచ్చినవాడు తన అనుభవమునంతయు పిల్లల నెత్తిన పెట్టుటకు ఉత్సాహపడును. రెండును మితిమీరినవే. ఎలుక పండ్లను చూచి సంతోషించు బాలుని ఆ సంతోషమునుండి లాగి చిత్రగ్రీవుని త్యాగమువైపు త్రిప్పరాదు. మొదటి పఠనము అతని సొత్తు. అది రుచించిననే రెండవదానికి ఎన్నటికైనను తిరిగివచ్చును. గురువు చేయదగినది ఒక్కటే: ముందునాటి రాత్రి కథ మరల చదివి, మరునాడు ఒక చిన్న ప్రశ్న వేసి ఊరకుండుట. “మొదట ఎవరి త్రాడు తెంపుమన్నాడు? ఎందుకు?” అంతియే చాలును. జవాబు ఆ దినమే రావలయునని లేదు.

విద్యార్థులకు ఒక్క మాట. నేడు మీకు నచ్చిన పుస్తకమును తూకమునకు అమ్మివేయకుడు; లోపల మీ పేరును, సంవత్సరమును వ్రాసి ఉంచుడు. ఉపాధ్యాయ మిత్రులు ఈ సెలవులలో తమ బాల్యపు పుస్తకమొక్కటి వెదకి తీయుదురు గాక. అది నాటివలెనే బాగున్నదా యని చూచుటతో ఆగక, నాడు ఎవరిని గమనింపక దాటిపోతిమో వెదకి చూడవలయును. సంజీవకుడు ఇంకను ఆ అడవిదారిలోనే యున్నాడు.