పదిమంది సాక్షులు, ఒక్క మాట



సందేహము కలిగినపుడు చేతిలోని ఫోనును ప్రశ్నించుట నేడు గ్రామములలో సైతము పరిపాటియైనది. ప్రశ్న అడిగినంతనే యంత్రము లెక్కకు మించిన పుటలనుండి కొన్నింటిని ఏరి, వరుసగా మన యెదుట నుంచును. మనలో పలువురు పై రెండు మూడింటిని చూచి తృప్తిపడుదురు. కావున ఆ వరుస యే ధర్మము ననుసరించి కూర్చబడునో తెలిసికొనుట మనకు మేలు.

"వరి ఆకులు పసుపుపచ్చగా మారుచున్నవి, ఏమి చేయవలెను?" అని యొక రైతు అడిగెననుకొందము. దీనికి కారణము ఒక్కటి కాదు. నత్రజని చాలకపోవచ్చును, జింకు లోపము కావచ్చును, పచ్చదోమవలన వ్యాపించు తుంగ్రో తెగులు కావచ్చును, బాక్టీరియావలన కలుగు ఎండాకు తెగులును కావచ్చును. నత్రజని లోపమైనచో యూరియా వేయుట తగును. ఎండాకు తెగులైనచో ఆ యూరియాయే వ్యాధిని పెంచును. ఇట్టి చోట పది పుటలును యూరియా మాటనే చెప్పినచో, విడివిడిగా ప్రతిదియు ప్రశ్నకు తగినదే. కాని పదియు కలిసి రైతును దారి తప్పించును.

తగవులు తీర్చు పెద్దలకు ఈ సంగతి క్రొత్త కాదు. ఒకే యింటినుండి పదిమంది వచ్చి ఒకే మాట చెప్పిన, దానిని మీరు పది సాక్ష్యములుగా లెక్కింపరు. వెబ్బులో ఒకరు వ్రాసినదానిని వేరొకరు ఎత్తి వ్రాయుట మిక్కుటము. అందుచేత ఈ వివేకము యంత్రమునకును నేర్పవలసి వచ్చినది.

ప్రశ్నకు తగియుండుట ఔచిత్యము. ఒకదానికంటె నొకటి భిన్నముగా నుండుట వైవిధ్యము. ఔచిత్యము ఎక్కువగా నుండుటకు అవకాశమున్నవానిని ముందుంచవలెనను సూత్రమును స్టీఫెన్ రాబర్ట్‌సన్ అను పండితుడు 1977లో వివరించెను. ఇందు ప్రతి పుటయు ఒంటరిగానే తూచబడును. ప్రక్కనున్నదానితో దానికిగల చుట్టరికము లెక్కకు రాదు. ఈ కొరతను తీర్చుటకు అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన జైమీ కార్బొనెల్, జేడ్ గోల్డ్‌స్టీన్ అనువారు 1998లో ఒక ఉపాయమును ప్రకటించిరి. దానియందు పుటలు ఒక్కొక్కటిగా ఎన్నుకొనబడును. ప్రతిసారియు పుటయొక్క ఔచిత్యమునకు మార్కులు వేసి, అంతకుముందు ఎన్నుకొన్న పుటలతో దానికిగల పోలికను బట్టి కొన్ని మార్కులు తీసివేయుదురు. రెండు పుటలలోని పదములను సరిపోల్చి యంత్రము ఆ పోలికను గణించును.

బోధకొరకు కొన్ని అంకెలు కల్పించి చెప్పెదను. యూరియా పుట మొదటి స్థానమున కూర్చున్నది. రెండవ స్థానమునకు మూడు పుటలు పోటీపడుచున్నవి. యూరియా పుటకు నకలైనదానికి ఔచిత్యము 88, పోలిక 95. ఎండాకు తెగులు పుటకు ఔచిత్యము 70, పోలిక 20. వంటింటి పసుపును గూర్చిన పుటకు ఔచిత్యము 5, పోలిక సున్న. ఔచిత్యమే చూచినచో నకలు నెగ్గును. రెండింటిని సమముగా తూచి తీసివేసినచో తెగులు పుటకు 50 మిగులును. వంటింటి పసుపునకు 5. నకలుకు సున్నకంటె 7 తక్కువ. తెగులు పుట నెగ్గుట మంచిదే; కాని ప్రశ్నతో సంబంధమే లేని పసుపు, నకలును మించిపోయినది! ఔచిత్యమునకు మూడు పాళ్లు, పోలికకు ఒక పాలు బరువిచ్చి చూడుడు. అపుడు తెగులు పుటకు 190, నకలుకు 169, పసుపునకు 15 వచ్చును. వేరు మాట ముందునకు వచ్చినది, సంబంధము లేనిది వెనుకబడినది. విద్యయంతయు ఈ పాళ్లు నిర్ణయించుటలోనే యున్నది.

ఆ పాళ్లు అన్ని ప్రశ్నలకు ఒకటి కావు. విజయవాడనుండి తిరుపతికి రైలు వేళ అడిగినవానికి సరియైన జవాబు ఒక్కటి చాలును. "కృష్ణ" అని మాత్రము వ్రాసినవాడు నదిని అడిగెనో, దేవుని అడిగెనో, జిల్లాను అడిగెనో తెలియదు. అచట వైవిధ్యము వలయును. అమరకోశమున నానార్థవర్గమును ప్రత్యేకముగా కూర్చుటయు ఇట్టి పదములకొరకే గదా! సాధారణముగా ఒకే సైటునుండి రెండింటికి మించి పై వరుసలలో చూపబోమని గూగుల్ సంస్థ 2019లో ప్రకటించినది. కాని వేర్వేరు సైట్లు ఒకే మాటను నకలు చేసినచో ఆ నియమమొక్కటే చాలదు.

ఇంకొక్క మాట. వైవిధ్యమనగా సత్యమునకును అసత్యమునకును సమానముగా పీట వేయుట కాదు. పోలికను గణించుటవలన మాటల భేదము తెలియునేకాని, ఏది నిజమో తేలదు. ఆ భారము చదువరిదే. కావున పై వరుసలోని జవాబులన్నియు ఏకకంఠముగా పలికినపుడు అవి ఒకే మూలమునుండి వచ్చినవేమో చూడుడు. ప్రశ్నను మార్చి, పసుపు ముదురాకులలో మొదలైనదా, ఆకు కొననుండి దిగుచున్నదా అను గుర్తులు చేర్చి మరల అడుగుడు. ఆపైన, యూరియా బస్తా విప్పకముందే, తెగులు సోకిన మొక్కను తీసికొనిపోయి వ్యవసాయాధికారికి చూపుడు. వెదకు యంత్రము సాక్షులను పిలువగలదు. తీర్పు చెప్పవలసినది మీరు.