కిలో నూనె, లీటరు నూనె ఒకటేనా?

ఆవకాయ రోజుల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లల్లో అన్నీ తూకం లెక్కే. మిరపకాయలు పండే చోట కారం కిలోల్లో కాక ఇంకెలా కొంటాం? ఉప్పు, ఆవపిండి, మెంతులు కూడా అంతే. పప్పునూనె దగ్గరికొచ్చేసరికే చిక్కు. అమ్మమ్మ చెప్పిన పాళ్లలో ‘కిలో నూనె’ అని ఉంటుంది. మనం లీటరు ప్యాకెట్ తెచ్చి, రెండూ ఒకటే కదా అని పోసేస్తాం.

ఒకటి కాదండీ! లీటరు నీళ్లు కిలో తూగుతాయి. నూనె నీళ్లకన్నా తేలిక (అందుకేగా పులుసు మీద తేలేది!). లీటరు నూనె సుమారు 910 గ్రాములే. నువ్వులనూనె అయినా, వేరుశనగ అయినా, మన పత్తిగింజల నూనె అయినా పది గ్రాములు అటూ ఇటూ. కిలో కావాలంటే లీటరు మీద మరో 100 మిల్లీలీటర్లు పోయాలి.

తొంభై గ్రాములు ఒక లెక్కా అంటారా? ఐదు కిలోల నూనె పట్టే పచ్చడిలో ఐదు లీటరు ప్యాకెట్లు పోస్తే 450 గ్రాములు తగ్గుతుంది. అంటే దాదాపు అర లీటరు. మూడోరోజు తిరగ కలిపేటప్పుడు నూనె పైకి తేలదు, ముక్కలు పొడిపొడిగా కనిపిస్తాయి. అలాగే వదిలేస్తే బూజు పడుతుంది. నింద మాత్రం కోడలి చేతి మీద!

అర కిలోకి 550, పావు కిలోకి 275 మిల్లీలీటర్లు అని గుర్తుంచుకుంటే చాలు. 200 మిల్లీలీటర్లు పట్టే గ్లాసుతో నూనె 180 గ్రాములు వస్తుంది. గోంగూర, పండుమిరప పచ్చళ్లకి నూనె కాచకముందే కొలవండి. కాగితే నూనె వ్యాకోచించి కొలతకి ఎక్కువగా కనిపిస్తుంది, బరువు మాత్రం పెరగదు.

ఈ కిటుకు కొన్ని కంపెనీలకీ తెలుసు. నూనె ఎక్కువ వేడిలో ఉన్నట్టు లెక్కగట్టి, లీటరు అని రాసి, తక్కువ బరువు నింపేవారు. లీటరు సోయా నూనె 21 డిగ్రీల వద్ద 919 గ్రాములు తూగితే, 60 డిగ్రీల వద్ద 893 గ్రాములకి దిగుతుంది. అందుకే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా బరువు సరిగా రాయమంది. 2023 జనవరి 15 వరకు గడువిచ్చింది.

ధర దగ్గర కూడా జాగ్రత్త. గానుగ దగ్గర కిలో 220 రూపాయలు, షాపులో లీటరు 205 అనుకోండి. ప్యాకెట్ చవకే అనిపిస్తుంది. తూకంలో చూస్తే ప్యాకెట్ నూనె కిలో 225 పడుతోంది! డబ్బాల్లోనూ 15 కిలోలవి, 15 లీటర్లవి రెండు రకాలున్నాయి. లీటర్ల డబ్బాలో నూనె పదమూడున్నర కిలోల పైచిలుకే. పెళ్లికో, పండక్కో డబ్బా కొనేటప్పుడు కొట్టువాడిని ‘కిలోలా, లీటర్లా?’ అని అడగండి.

లీటరు ప్యాకెట్‌లాగే కనిపించే 800, 850 గ్రాముల ప్యాకెట్లు కూడా వచ్చాయి. ముందువైపు బొమ్మ చూసి బుట్టలో వేసుకోకుండా, వెనక్కి తిప్పి గ్రాముల అంకె చదవండి. అక్షరాలు చిన్నవే, కళ్లజోడు పెట్టుకునైనా సరే!