రెండు బల్లలు, ఒకే గీత

రోబో పోటీలో రెండు బల్లలు వేశారనుకోండి. రెండింటి మీదా బొమ్మ లారీ సగం గీత దాటి ఆగింది. ఒక రిఫరీ "దాటింది" అన్నారు, రెండో ఆయన "దాటలేదు" అన్నారు. మార్కులు పోయిన జట్టు చేసిన తప్పేమిటి?

ఈ చిక్కు పాతదే. గ్రీనిచ్ వేధశాలలో కినెబ్రూక్ అనే సహాయకుడు, నక్షత్రం దుర్భిణిలోని తీగను దాటే క్షణాన్ని తనకంటే 0.8 సెకండు ఆలస్యంగా రాస్తున్నాడని మాస్కెలిన్ 1796లో అతణ్ణి పనిలోంచి తీసేశాడు. కానీ 1820లలో బెస్సెల్ పోల్చి చూస్తే ఆరితేరిన ఖగోళజ్ఞుల మధ్య కూడా అలాంటి తేడాలే కనిపించాయి. పాపం కినెబ్రూక్!

మన బేగంపేటలోని నిజామియా వేధశాల వంతుకు, అంతర్జాతీయ నక్షత్ర పట్టిక కోసం, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మేర ఆకాశం వచ్చింది. ఫొటో పలకల మీది చుక్కల స్థానాలను మనుషులే కంటితో చూసి కొలిచారు. ఇలాంటి పనిలో ఒక మనిషి ఎప్పుడూ ఒకే వైపు తప్పుతుంటే, ఆ తేడాను తర్వాత లెక్కలో సరిచేయవచ్చు.

పోటీలో ఆ వెసులుబాటు లేదు. ఫస్ట్ లెగో లీగ్‌లో ఆట రెండున్నర నిమిషాలే. ముగియగానే మార్కులు వేయాలి. కనుక స్వచ్ఛందంగా వచ్చే రిఫరీలను ముందురోజే ఒకే బల్ల చుట్టూ నిలబెట్టి, ఎవరికి వారు మార్కులు వేయమనాలి. తేడా వచ్చిన చోటే నియమం తీసి చదవాలి. అందరూ కఠినంగా ఉన్నా నష్టం లేదు. ఒక్కరే కఠినంగా ఉంటేనే అన్యాయం. అప్పటికీ తేలని సందేహమైతే, ఆ లీగ్ పద్ధతి ప్రకారం, మార్కు జట్టుకే!