తాగునీటిలో ఆర్సెనిక్: కొలిచే పద్ధతే కీలకం

పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ గ్రామాల్లోని అనేక చేతిపంపుల నీటిలో ఆర్సెనిక్ ఉంది. అది కలిసినా నీటి రంగు, రుచి, వాసన మారవు. అటువంటి నీటిని ఏళ్ల తరబడి తాగినవారికి చర్మంపై మచ్చలు ఏర్పడి, అరచేతులు, అరికాళ్లు మొద్దుబారి గరుకుగా మారతాయి. క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది.

ఈ లక్షణాలున్న రోగులను 1983లో కలకత్తాలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్ చర్మవ్యాధి నిపుణుడు కె.సి. సాహా గుర్తించారు. 1988 నుంచి జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త దీపాంకర్ చక్రవర్తి బృందం గ్రామాల నీటిని విశ్లేషించడం ప్రారంభించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంటే లక్ష లీటర్ల నీటిలో ఒక్క గ్రాము. ఇంత స్వల్ప పరిమాణాన్ని కొలిచే ఒక పద్ధతిలో ముందుగా ఆర్సెనిక్‌ను నీటి నుంచి వేరుచేస్తారు. నమూనాకు ఆమ్లం, సోడియం బోరోహైడ్రైడ్ కలిపితే అది ఆర్సీన్ వాయువుగా మారి బయటకు వస్తుంది. నీటిలోని ఇతర లవణాలు వెనుకనే ఉండిపోతాయి. ఆ వాయువును వేడి క్వార్ట్జ్ గొట్టంలోకి పంపితే విడివడిన ఆర్సెనిక్ పరమాణువులు 193.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిని గ్రహిస్తాయి. కాంతి ఎంత తగ్గిందో చూసి ఆర్సెనిక్ పరిమాణాన్ని లెక్కిస్తారు.

గ్రామాల్లో వాడే పరీక్ష కిట్లలోనూ ఆర్సీనే ఆధారం. అయితే అక్కడ మెర్క్యురిక్ బ్రోమైడ్ పూసిన కాగితం పసుపు నుంచి గోధుమ రంగుకు మారడాన్ని కంటితో చూసి అంచనా వేస్తారు. ఖర్చు తక్కువ, ఫలితం త్వరగా వస్తుంది. కానీ తక్కువ గాఢతల వద్ద ఈ అంచనా నమ్మదగినది కాదని జాదవ్‌పూర్ పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చారు.

ఈ తేడా ప్రయోగశాలకే పరిమితం కాదు. బంగ్లాదేశ్‌లో పరీక్ష ఫలితాన్ని బట్టి సురక్షితమైన పంపుకు ఆకుపచ్చ, ప్రమాదకరమైనదానికి ఎరుపు రంగు వేశారు. అక్కడి పరిమితి లీటరుకు 50 మైక్రోగ్రాములు. భారత ప్రమాణం 10. అంటే 40 మైక్రోగ్రాములున్న నీరు అక్కడ ఆకుపచ్చ, ఇక్కడ పరిమితికి నాలుగు రెట్లు.

మొత్తం పరిమాణంతో పాటు ఆర్సెనిక్ ఏ రూపంలో ఉందన్నదీ ముఖ్యమే. ఆర్సెనేట్ కన్నా ఆర్సెనైట్ ఎక్కువ విషపూరితం. సాధారణ భూగర్భజలంలో దానికి విద్యుదావేశం ఉండదు కనుక వడపోతకు సులభంగా చిక్కదు. అందుకే శుద్ధి చేసేటప్పుడు ముందుగా దానిని ఆర్సెనేట్‌గా మార్చడం అవసరమవుతుంది. ద్రవ క్రోమటోగ్రఫీతో ఈ రూపాలను వేరుచేసి, మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు.

కిట్లు ప్రాథమిక వడబోతకు ఉపకరిస్తాయి. పరిమితికి దగ్గరగా ఉన్న పంపుల విషయంలో మాత్రం ప్రయోగశాల నిర్ధారణ తప్పనిసరి.