కుసుమకు ముళ్ల దాయాదులు

కుసుమ కోసిన చేతులకు ముళ్ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మంచుకు ముళ్లు మెత్తబడతాయని తెల్లారకముందే కొడవలి పడతారు. శనగ, జొన్న చేల చుట్టూ పశువులు దూరకుండా నాలుగు సాళ్లు వేసేదీ ఆ ముళ్ల కోసమే గదా!

అయితే ఈ 'కార్థమస్' ప్రజాతిలో మీరు చూడని దాయాదులున్నాయి. మన కుసుమ గింజ పండినా పువ్వు గూటిలోనే ఉంటుంది, కొడితేనే రాలుతుంది. పంజాబ్, రాజస్థాన్ వైపు పెరిగే అడవి కుసుమ (ఆక్సియకాంతా) అలా కాదు. పండగానే రాలిపోయి, మరుసటేడు గోధుమ చేలో మొలుస్తుంది. ఇంకొకటి లానాటస్. మధ్యధరా ప్రాంతం నుంచి ఆస్ట్రేలియా చేరి, మేతతో, ధాన్యంతో, గొర్రెల ఉన్నితో పాకింది. నేలలో పడ్డ గింజ ఏళ్ల తరబడి చావదు. అక్కడి రైతులకు అదో పీడ.

మనకెందుకంటారా? అడవి కుసుమ పుప్పొడిని తేనెటీగ మోసుకొస్తే మన కుసుమతో కలుస్తుంది, ఆ సంకర మొక్క గింజా కడుతుంది. కాబట్టి ఉత్తరాది నుంచి వచ్చిన గింజను విత్తనానికి వాడకండి. వాడక తప్పకపోతే జల్లెడ పట్టండి, అడవి గింజ చిన్నది. నారి-6 లాంటి ముళ్లు లేని రకం వేసిన చేలో ముళ్ల మొక్క కనిపించిందా, విత్తనం కల్తీ అయినట్టే. పువ్వు విచ్చకముందే వేరుతో పీకెయ్యండి.