నవ్వులోని సాక్ష్యము

గొగోలు రచించిన 'ఇన్‌స్పెక్టరు జనరలు' నాటకము 1836 లో సెంట్ పీటర్స్‌బర్గున ప్రదర్శింపబడినప్పుడు రష్యా చక్రవర్తి మొదటి నికొలాసు స్వయముగా చూచి మెచ్చెను. ఉద్యోగుల లంచగొండితనమును పరిహసించిన ఆ నాటకమునకు రాజానుమతియే రక్ష. అయినను చెలరేగిన విమర్శకు మనసు విరిగి గొగోలు ఆ యేడే దేశమును వీడెను. 1852 లో, మరణించుటకు కొలదిదినములు ముందు, 'మృతజీవులు' రెండవ భాగపు వ్రాతప్రతిని తానే తగులబెట్టెను.

మన గురజాడ అప్పారావుగారికిని (1862–1915) రాజాశ్రయమే రక్ష. విజయనగర సంస్థానము కొలువులో నుండగా వారు రచించిన 'కన్యాశుల్కము' 1892 లో రంగమెక్కి, 1897 లో అచ్చుపడి, ఆనందగజపతి మహారాజునకు అంకితమయ్యెను. మహారాజు సేకరింపజేసిన పట్టికను గురజాడవారు పీఠికలో ఉదాహరించిరి. విశాఖపట్టణము జిల్లా బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో 1,034 శుల్కవివాహములు. వధువులలో 99 మందికి అయిదేండ్లు, ముగ్గురికి ఒక్కయేడు.

పట్టిక సాక్ష్యమే. కాని సాక్షి నోరు విప్పనిదే వ్యాజ్యము కన్నులకు కట్టదని న్యాయవాదులెరుగుదురు. గురజాడవారు అగ్నిహోత్రావధానులను, లుబ్ధావధానులను, రామప్పంతులును, మధురవాణిని బోనెక్కించి మాటాడించిరి. వకీళ్లను, కూటసాక్షులను సైతము విడువలేదు. అందరికంటె వాచాలుడు గిరీశము; ఇంగ్లీషు చదివినవాడు, సంస్కరణమును ఉపన్యసించువాడు, అనగా మన వర్గమువాడు.

గొగోలు కాల్చెను, గురజాడ తిరుగవ్రాసెను. 1909 లో నాటకము ఎంతో పెరిగి వెలువడెను. దానికి ప్రాణము వాడుకభాష. ఆ భాషకై గురజాడవారి సహాధ్యాయి గిడుగు రామమూర్తిగారు నాటి గంజాము జిల్లాలోని పర్లాకిమిడినుండి పోరాడిరి. గ్రాంథికమును వదలలేని నాబోటివారిపై ఆ పోరాటమింకను ముగియలేదు. 1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, పర్లాకిమిడియు, బరంపురమును, దాని చెంత హల్దియాపదరును అందులో చేరినవి. గిడుగువారు రాజమహేంద్రవరమునకు తరలిరి. సరిహద్దు మారెను గాని, ఆ సీమలో తెలుగు పలుకు అణగిపోలేదు.

శుల్కవివాహములు గతించినవి, అవధానులను చూచి నవ్వుట నేడు మనకు సులభము. గిరీశమును చూచి నవ్వునప్పుడు మాత్రము కొంత జంకవలెను. వేదికపై మనము చెప్పినదెంత, ఇంట చేసినదెంత అను పట్టికను ఏ మహారాజును తయారుచేయింపజాలడు. దానిని ఎవరికివారే వ్రాసికొనవలెను.